సామూహిక వినోద స్థలాల పునరుద్ధరణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చారిత్రక కట్టడాల పునరుద్ధరణపై జరిగే చర్చ సాధారణంగా గుడి, కోట, గడి చుట్టూ తిరుగుతుంది. పొద్దుగూకిన తరువాత ఊరి జనం కూడి కథ విన్న స్థలం, చదువు రానివారు పత్రిక చదివించుకున్న గది, పండుగనాడు ఆట కట్టిన బయలు ఆ చర్చలోకి అరుదుగా వస్తాయి. చిన్న పట్టణాల్లో సామూహిక వినోద కేంద్రం అని నేడు పిలుస్తున్న భవనానికి పూర్వరూపాలు ఇవే. వీటిలో చాలావాటికి రాతి గోడలు లేవు. గోడలున్నవాటికి అధికారిక రక్షణ లేదు. అందువల్ల ఏది పాతది, ఏది కాపాడదగినది అనే నిర్ణయం జరిగే సమయానికి ఇవి లెక్కలోనే ఉండవు.

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడివడింది. పాలనా విభాగాలు కొత్తవైనా ఈ ప్రాంతాల సాంస్కృతిక చరిత్ర ఓరుగల్లుతో ముడిపడినదే. ఈ ప్రాంతంలో జనం ఉమ్మడిగా వినోదం పొందిన స్థలాలు ఏ రూపాల్లో ఉండేవి, అవి ఎందుకు మారాయి, వాటిని పునరుద్ధరించడమంటే దేనిని నిలబెట్టడం అనే మూడు ప్రశ్నలను సాహిత్య, చారిత్రక ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కావ్యాలలో వినోద స్థలాలు

జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడిపడిన కవి పాల్కురికి సోమనాథుడు. ఆయన ద్విపద కావ్యం పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శివరాత్రి నాటి శ్రీశైలాన్ని వర్ణిస్తుంది. అక్కడి జాగరణ వేళ జరిగిన ఆటపాటలు, నాటకాలు, బొమ్మలాటలు అందులో వరుసగా కనిపిస్తాయి. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి జానపద గేయరీతుల పేర్లు నేటికి తెలియడానికి సోమనాథుడే ప్రధాన ఆధారం. ఈ వర్ణనలో గమనించదగిన అంశం ఒకటుంది. ప్రదర్శనకు ప్రత్యేకించిన శాల అక్కడ ప్రధానం కాదు. జాతర జరిగే బయలే రంగస్థలం. జనసమూహమే దానికి ఎల్లలు గీస్తుంది.

వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇదే విషయాన్ని నగరంలో చూపుతుంది. గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కోడి పందెం, పొట్టేళ్ల పోరు, జక్కుల పురంధ్రి పాట, పల్నాటి వీరుల కథాగానం వారి కంట పడతాయి. ఇవన్నీ వీధిలోనో గుడి దగ్గరో జరిగేవే. చిత్రశాల ఒక్కటే ఇంటి లోపలిది, అది మాచల్దేవి ఇల్లు. కాకతీయ కాలపు వినోదంలో కొంత భాగం అందరికీ తెరిచిన బయల్లో, కొంత భాగం సంపన్నుల చుట్టుగోడల మధ్య ఉండేదని ఈ రచన తెలుపుతుంది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ కావ్యాన్ని విస్తారంగా వినియోగించుకోవడానికి కారణం ఇందులోని ఈ సమాచార సమృద్ధియే.

మండపం: రాయి, నాట్యం

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురం కోటగుళ్లు ఇదే శిల్ప సంప్రదాయానికి చెందిన ఆలయ సముదాయం. రామప్ప రంగమండపపు స్తంభాల మీద, దూలాల మీద నర్తకులు, వాద్యకారులు కనిపిస్తారు. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని నృత్తరత్నావళిని 13వ శతాబ్ది మధ్యకాలంలో రచించాడు. శాస్త్రం, శిల్పం ఒకే కాలంలో, ఒకే రాజ్యంలో వెలిసినందువల్ల 20వ శతాబ్దిలో నటరాజ రామకృష్ణ ఈ రెండింటి ఆధారంగా పేరిణి శివతాండవాన్ని మళ్లీ రూపొందించగలిగారు.

ఈ ప్రాంతంలో పునరుద్ధరణ అనే మాటకు రెండు అర్థాలున్నాయని ఇక్కడ స్పష్టమవుతుంది. మొదటిది కట్టడానికి సంబంధించినది. రామప్ప ప్రాంగణంలోని కామేశ్వరాలయం శిథిలావస్థకు చేరగా, కేంద్ర పురావస్తు శాఖ దానిని తిరిగి నిర్మించే ఉద్దేశంతో రాళ్లను విప్పి, సంఖ్యలు వేసి భద్రపరిచింది. పునాది గోతిలో ఇసుక నింపే కాకతీయుల పద్ధతిని అర్థం చేసుకోకుండా ఆ పని సాధ్యం కాదు. విప్పిన గుడి చాలా ఏళ్లపాటు రాళ్ల కుప్పగానే ఉండిపోవడం ఈ పనిలోని కష్టాన్ని తెలుపుతుంది. రెండవది ఆచరణకు సంబంధించినది. పేరిణి విషయంలో రాయి కదలలేదు, దేహం కదిలింది. 2021 జూలైలో రామప్ప యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుర్తింపు ప్రధానంగా కట్టడానిది. మండపంలో జరిగిన నాట్యాన్ని నిలబెట్టే బాధ్యత మాత్రం గురువులకు, శిష్యులకు మిగిలింది.

గడి, వాడకట్టు

తరువాతి శతాబ్దుల్లో వినోద స్థలాల స్వభావాన్ని నిర్ణయించినవి భూస్వామ్య వ్యవస్థ, కుల వ్యవస్థ. ఒగ్గు కథ, చిందు యక్షగానం, పటం కథ వంటి కళారూపాలు ఒక్కో కులానికి అనుబంధంగా పెరిగాయి. మాదిగలకు చిందు, డక్కలి కళాకారులు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కథలు చెప్పారు. ఏ బృందం ఏ ఊళ్లలో ఆడాలో మిరాశీ హక్కులు నిర్ణయించాయి. ప్రదర్శన ఆయా వాడకట్టులో జరిగేది. కనుక ఊరి కళ అని నేడు స్థూలంగా చెప్పుకొనేది నిజానికి ఊరందరికీ సమానంగా అందిన కళ కాదు. పాత వినోద స్థలాన్ని ఆదర్శంగా భావించి యథాతథంగా పునరుద్ధరించాలనే వాదానికి ఇది తొలి అభ్యంతరం.

గడి మరొక ధ్రువం. దొర పిలుపుమేరకు కళాకారులు గడిలో ఆడవలసి వచ్చేది, అక్కడ ప్రేక్షకత్వం దొర అనుగ్రహం. మానుకోట ప్రాంతపు చిన్నగూడూరులో జన్మించిన దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నవలలో గడి జీవితాన్ని చిత్రించారు. సంగీతం గడి లోపలికి వస్తుంది, వెట్టి చేసేవారి బతుకు గడి బయట నలుగుతుంది. ఒకే ఊరిలో రాగం, రోదన పక్కపక్కన ఉండడాన్ని ఆ నవల కథగా మలిచింది.

నేడు తెలంగాణలో గడుల పునరుద్ధరణ పట్ల ఆసక్తి పెరిగింది. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గౌరవం దక్కింది. సున్నం, గార, కలప పనితనం దృష్ట్యా అది మేలైన ఉదాహరణ. అయితే గోడల బలాన్నే ప్రమాణంగా తీసుకుంటే అధికారం నివసించిన చోట్లు మాత్రమే చరిత్రగా మిగులుతాయి. జనగామ జిల్లా ఖిలాషాపురంలోని సర్వాయి పాపన్న కోట దీనికి ఎదురు సాక్ష్యం. 1710లో మరణించిన పాపన్నను ప్రజలు కోట ద్వారా కాక పాట ద్వారా గుర్తుంచుకున్నారు. ఆ పాటను జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వరీ ద్వారా ప్రచురించేనాటికి పాపన్న మరణించి 160 ఏళ్లు దాటింది. కోట శిథిలమైనా కథ నిలిచింది. దానిని నిలిపినవి కథ చెప్పిన గొంతులు, విన్న వాడకట్టులు.

పఠన మందిరాలు

కులానికి, గడికి అతీతమైన ఉమ్మడి గది అనే భావన ఈ ప్రాంతంలో గ్రంథాలయోద్యమంతో వచ్చింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దాని స్థాపకుల్లో ప్రముఖులు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. ఈ సంస్థల పేర్లలో గ్రంథాలయం అనే మాటకు బదులు భాషా నిలయం అనే మాట ఉండడం యాదృచ్ఛికం కాదు. ఉర్దూ అధికార భాషగా ఉన్న రాజ్యంలో తెలుగుకు ఒక ఇల్లు కావాలన్న కోరిక ఆ పేరులో ఉంది. ఆ ఇంట్లో పుస్తక పఠనంతోపాటు ఉపన్యాసాలు, కవితా గోష్ఠులు జరిగేవి. అందువల్ల వీటిని పుస్తకాలు దాచిన గదులుగా కాక తొలి ఆధునిక సామూహిక కేంద్రాలుగా పరిగణించడం సమంజసం.

నిజాం ప్రభుత్వపు గస్తీ నిషాన్ 53 సభలు, సమావేశాలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. బహిరంగ సభకు అనుమతి దొరకని చోట పఠన మందిరం విలువ పెరిగింది. నలుగురు కూడి పత్రిక చదువుకోవడం సభ కాదు. కాని అక్కడ మొదలైన చర్చ సభకు దారితీయగలదు. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం గ్రంథాలయ స్థాపనను తన కార్యక్రమంలో ముఖ్యాంశంగా స్వీకరించింది. మాడపాటి హనుమంతరావు తెలంగాణ ఆంధ్రోద్యమం ఈ దశకు ప్రామాణిక రచన.

మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి ఇందుకు విశిష్ట ఉదాహరణ. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922 ఆగస్టు 27న ఈ గ్రామం నుంచి తెనుగు పత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించారు. రాజధానిలో కాక పల్లెలో అచ్చు యంత్రం నడవడం అంటే ఊరు చదివేదిగానే కాక రాసేదిగా, అచ్చువేసేదిగా మారడం. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులకు చోటు దక్కింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా వచ్చిన ఆ సంచిక వెనుక పల్లెల్లోని పాఠకులు, పఠన మందిరాలు ఉన్నాయి.

పోరాట కాలంలో బయలు

1940 దశకంలో ఆంధ్ర మహాసభ పల్లెల్లో సంఘంగా మారింది. 1946 జూలై 4న నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ కాల్పులు విసునూరు దేశముఖ్ గడి అధికారానికి సంబంధించినవి. సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దులు, బుర్రకథ వంటి రూపాలు కొత్త వస్తువును స్వీకరించాయి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల చట్రాన్ని ఉంచి లోపలి కథను మార్చాడు. కులానికి పరిమితమైన వినోద రూపం అన్ని కులాల శ్రోతలకూ చెందింది. చట్రాన్ని గుర్తుపట్టేలా ఉంచడం, అందులోకి ప్రవేశించే హక్కును విస్తరించడం అనే రెండు పనులూ ఇక్కడ ఒకేసారి జరిగాయి. కట్టడాలకు కూడా వర్తించదగిన పునరుద్ధరణ సూత్రం ఇది.

ఈ సంప్రదాయాలు ఇప్పటికీ ఈ నేల మీద ఉన్నాయి. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది, ఆయన 2017లో కన్నుమూశారు. అదే జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. వ్యక్తులకు గుర్తింపు దక్కింది. వారి కళ నిత్యం ఆడే, పిల్లలు నేర్చుకొనే స్థలం మాత్రం ఇప్పటికీ చర్చనీయాంశమే.

గని పట్టణం

భూపాలపల్లి కథ వేరు. ఇక్కడ వినోద కేంద్రం గ్రంథాలయోద్యమం నుంచి గాక బొగ్గు గని నుంచి వచ్చింది. 1947 నాటి బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం ఇళ్లు, వైద్యంతోపాటు వినోదాన్ని కూడా సంక్షేమంలో భాగంగా గుర్తించింది. సింగరేణి విస్తరించిన పట్టణాల్లో క్లబ్బులు, ఆట స్థలాలు, సమావేశ మందిరాలు ఈ ఆలోచనకు ఫలితాలు. భూగర్భంలో షిఫ్టు ముగించిన కార్మికునికి వెలుతురున్న గది, తోటివారితో ఆట అవసరమని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఈ స్థలాలు సంస్థకు చెందినవి. కార్మికుడు సభ్యుడే గాని యజమాని కాడు. పదవీ విరమణ చేసినవారికి, ఒప్పంద కార్మికులకు, కార్మికేతర పట్టణవాసులకు ప్రవేశం ఏమిటనేది గని పట్టణంలోని ప్రతి పాత క్లబ్బు భవనం విషయంలోనూ వేయవలసిన ప్రశ్న.

చట్టం, నిర్వహణ

ప్రజలు స్థాపించుకున్న నిలయాలు క్షీణించడానికి పాఠకుల అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. నిర్వహణ వ్యవస్థ మారడం మరొక కారణం. తెలంగాణ ప్రాంతంలో 1955 నాటి హైదరాబాదు చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం అమలులో ఉండగా, రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఆస్తి పన్ను మీద గ్రంథాలయ పన్ను వాటికి ఆదాయం. పుస్తకం పౌరుని హక్కుగా మారడం ఈ చట్టం సాధించిన మేలు. కాని స్థానికులు చందాలు వేసుకుని, కార్యవర్గాన్ని ఎన్నుకుని నడిపిన అలవాటు సన్నగిల్లింది. శాఖా గ్రంథాలయం ప్రభుత్వ కార్యాలయంగా మారింది. పని వేళలు ముగియగానే తలుపు మూసుకుంటుంది. సాయంకాలపు గోష్ఠికి అక్కడ చోటు లేదు.

కేరళ అనుభవం ఇందుకు భిన్నం. 1945లో పి.ఎన్. పణిక్కర్ చొరవతో మొదలైన గ్రంథశాలా సంఘం గ్రామ గ్రంథాలయాలను కలిపింది. దానికి 1975లో యునెస్కో క్రుప్స్కాయా పురస్కారం లభించింది. 1989 నాటి కేరళ చట్టం తరువాత కూడా అక్కడి గ్రామ గ్రంథాలయాలు స్థానికులు ఎన్నుకున్న కార్యవర్గాల చేతిలోనే ఉన్నాయి. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. చాలాచోట్ల గ్రంథాలయం, కళా సమితి, ఆటల సంఘం ఒకే కప్పు కింద పనిచేస్తాయి. తెలుగు నేల మీద 20వ శతాబ్ది తొలినాళ్లలో ఉన్న భాషా నిలయాల స్వరూపం ఇదే.

హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగి 2024లో ప్రారంభమైంది. నగరానికి పెద్ద మందిరం అవసరమే. అయితే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లోని సాయంకాలపు పాఠకునికి, ఒగ్గు శిష్యునికి, ఇల్లు దాటి రాదలచిన స్త్రీకి అది నడక దూరంలో లేదు.

పునరుద్ధరణకు ప్రమాణాలు

1964 నాటి వెనిస్ ప్రకటన పాత కట్టడాన్ని సమాజోపయోగకరమైన పనికి వాడడం దాని పరిరక్షణకు తోడ్పడుతుందని గుర్తించింది. 2003 నాటి యునెస్కో ఒడంబడిక గోడల్లో లేని వారసత్వాన్ని, అంటే ఆచారాలను, ప్రదర్శనలను, నైపుణ్యాలను కూడా కాపాడదగినవిగా ప్రకటించింది. ఈ రెండింటినీ పై చరిత్రతో కలిపి చూస్తే, చిన్న పట్టణపు పాత వినోద కేంద్రాన్ని పునరుద్ధరించేటప్పుడు పాటించదగిన మూడు ప్రమాణాలు తేలుతాయి.

మొదటిది పత్రాల రక్షణ. కామేశ్వరాలయంలో ప్రతి రాయికి సంఖ్య వేసినట్లే పాత పఠన మందిరంలో ప్రతి కాగితానికి సంఖ్య వేయాలి. సభ్యుల పట్టికలు, చందా పుస్తకాలు, కార్యవర్గ తీర్మానాలు, సందర్శకుల అభిప్రాయ పుస్తకాలు ఆ సంస్థకు పునాది రాళ్లు. కప్పు బాగుచేసే ముందు వాటిని వేరే చోటికి తరలించి, ప్రతులు తీయకపోతే భవనం మిగిలి సంస్థ పోతుంది.

రెండవది ప్రవేశ హక్కు. పాత స్థలాల్లో కుల సరిహద్దులున్నాయి, గడిలో దొర అనుమతి ఉంది, క్లబ్బులో సభ్యత్వ నియమం ఉంది. వీటిని సున్నంతో కలిపి పునరుద్ధరించడం తగదు. ఎవరు ఇంతకాలం బయట ఉన్నారో గుర్తించి, వారికి వేళలు, చోటు, కార్యవర్గంలో స్థానం కల్పించడం పునరుద్ధరణలో భాగమే. బతుకమ్మ ఆటకు వాకిలి, చెరువు గట్టు కావాలి. కాబట్టి భవనం ముందున్న ఖాళీ జాగా భవనమంత విలువైనది. దుకాణాల సముదాయానికి ఆ జాగాను వదులుకుంటే నిర్వహణకు అద్దె వస్తుంది గాని ఆట పోతుంది.

మూడవది నిర్వహణ. పునరుద్ధరణకు నిధులు ఒకసారి వస్తాయి, దీపం వెలిగించవలసింది ప్రతి సాయంత్రం. స్థానిక కార్యవర్గం, గ్రంథాలయ సంస్థ, పురపాలక సంఘం మధ్య బాధ్యతలు రాతపూర్వకంగా తేలని చోట కొత్త రంగు వేసిన గోడకు పాత తాళమే పడుతుంది.

ముగింపు

సోమనాథుని జాతర బయలు నుంచి ఇనుగుర్తి అచ్చు యంత్రం వరకు, వాడకట్టు కథ నుంచి గని కార్మికుని క్లబ్బు వరకు ఈ ప్రాంతపు ఉమ్మడి వినోదం ఒకే రకమైన కట్టడంలో ఇమడలేదు. ప్రతి తరం తన ముందు తరపు స్థలాన్ని యథాతథంగా కాక విస్తరించి స్వీకరించింది. భాషా నిలయం కులపు హద్దును దాటింది, పోరాటం గడి హద్దును దాటింది, కార్మిక చట్టం వినోదాన్ని దయ స్థాయి నుంచి హక్కు స్థాయికి తెచ్చింది. పాత భవనాన్ని బాగుచేసే నేటి ప్రయత్నాలను ఈ క్రమంలోనే అంచనా వేయాలి. పని పూర్తయ్యాక భవనంలోకి ఇంతకు ముందుకన్నా ఎక్కువమంది, ఎక్కువ వేళల్లో, తమదన్న భావంతో రాగలుగుతున్నారా అన్నది ప్రధానమైన కొలమానం. గోడల వయసు ఆ తరువాతి విషయం.